చెవి మేస్త్రి సంతకం

లిఫ్టు కంపెనీలో ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. అందరికీ ఆయన చెవి మేస్త్రి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను మోటారు మీద ఆనించి, పిడిని చెవికి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని అర నిమిషం నిలబడేవాడు. కళ్ళు తెరిచేసరికి రోగం తెలిసిపోయేది. "ఎడమ పక్క బేరింగు. ఇంకో నెల లాగుతుంది," అనేవాడు. నెల తిరిగేసరికి ఆ బేరింగు మూలగడం మొదలుపెట్టేది.

చెవులున్నంత ధారాళంగా నోరు లేదు ఆయనకి. రోజుకి ఓ ముప్ఫై మాటలు మాట్లాడితే గొప్ప. అందులో ఇరవై "సరే"లే. ఇరవై ఏడేళ్ళుగా ఆయన వెంట సామాను సంచి మోస్తున్న సహాయకుడు, ఇంకో ఏడాదిలో పని మానేయబోయే పెద్దమనిషి, కంపెనీ మొత్తం గ్రీజు బాబాయ్ అని పిలిచే ఆయన, ఇలా అనేవాడు: "మా మేస్త్రి పొద్దున్నే నోరు తీసి గూట్లో పెట్టి, చెవులు తగిలించుకుని బయల్దేరతాడు." భార్య మాట ఇంకోలా ఉండేది. మందుల దుకాణం కౌంటరులో రోజంతా నిలబడి, అందరి రోగాలూ విని ఇంటికొచ్చే మనిషి ఆవిడ. "లిఫ్టు దగ్గితే వినిపిస్తుంది ఈయనకి. పెళ్ళాం పిలిస్తే మాత్రం మూడోసారికి గానీ వినపడదు," అనేది.

ఆయన బతుకంతా ఒక చిన్న కార్డు మీద నడిచింది. ఏ లిఫ్టులోనైనా లోపలి గోడకి, అద్దం చట్రంలో ఒక కార్డు ఉంటుంది. ఫలానా తేదీన తనిఖీ చేశాం, మనుషులు ఎక్కొచ్చు అని అచ్చు వేసి, కింద సంతకం. దాన్ని చదివేవాడు ఉండడు. ఆ అద్దంలో తల దువ్వుకుంటారు, అంతే. కానీ మేస్త్రికి ఆ కార్డు ఆఖరి పని. ముందు పైన మోటారు ఉండే మిషన్ రూమ్, తర్వాత తాళ్ళు, తర్వాత ప్రతి అంతస్తులో తలుపులు, చివరికి అడుగున గొయ్యి. అన్నీ చూసి, చేతులు కడుక్కుని, అప్పుడు కలం తీసేవాడు. ఒకసారి ఒక హోటలు యజమాని కుర్చీ వేసి, టీ ఇచ్చి, కార్డు ముందుకు తోసి, "ఎలాగూ బాగానే ఉంటుంది కదండీ, ముందు ఇది కానిచ్చేయండి," అన్నాడు. మేస్త్రి ఆ టీ తాగలేదు. ఆ లిఫ్టుని రెండు రోజులు ఆపేసి మరీ చూశాడు.

అలాంటి మనిషికి సంతకం దగ్గరే దెబ్బ తగిలింది.

ఒక్కతే కూతురు. కరెంటు చదువుకని కాలేజీలో చేర్పించాడు. రెండో ఏడాది సగంలో ఆ పిల్ల కాలేజీకి వెళ్ళడం మానేసింది. మానేసిందని ఇంట్లో ఎవరికీ తెలీదు. పొద్దున్నే సంచి వేసుకుని బయల్దేరేది, సాయంత్రం అలిసిపోయి వచ్చేది. ఆ మధ్య వేళంతా ఒక నాటకాల బృందం దగ్గర ఉండేదని, వాళ్ళకి శబ్దాలు చేసిపెట్టేదని తర్వాత తెలిసింది. వాన చప్పుడు, రైలు చప్పుడు, ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు. కాలేజీ వాళ్ళు గైర్హాజరీకి తండ్రి సంతకంతో ఉత్తరం అడిగినప్పుడల్లా తనే పెట్టి ఇచ్చింది. మొత్తం ఏడు ఉత్తరాలు. ఆఖరికి పేరు తీసేశామని నోటీసు ఇంటికి వస్తే, మేస్త్రి కాలేజీకి వెళ్ళి ఆ ఏడింటినీ చూశాడు. అచ్చం తన సంతకమే. చివరి గీత దగ్గర ఆయన చెయ్యి కొంచెం ఆగుతుంది. ఆ ఆగడం కూడా దించేసింది.

ఇంటికొచ్చి, ఆ నెలకి సరిపడా మాటలు ఒక్కసారే మాట్లాడేశాడు.

"చదువు నచ్చలేదంటే మానేయమనేవాణ్ణి. సంతకం అంటే మనిషి. నువ్వు నన్నే దొంగతనం చేశావు. ఇక నీకూ నాకూ మాటల్లేవు."

ఆ పిల్ల కూడా ఆయన కూతురే. కిమ్మనకుండా బట్టలు సర్దుకుని, బృందంలోని ఇంకో ఇద్దరమ్మాయిల గదికి వెళ్ళిపోయింది. ఎనిమిది నెలలైంది. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో తల్లి. నాన్నకి చెప్పు, నీ కూతురికి చెప్పు. పోస్టాఫీసులా తయారయ్యాను, నాకు జీతం కూడా లేదు అని ఆవిడ విసుక్కునేది.

ఒక ఆదివారం రాత్రి భోజనాల దగ్గర ఆవిడ సంగతి చెప్పింది. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి నాటకం. శబ్దాలన్నీ మన పిల్లవే. ఆట అయిన వెంటనే బృందం వ్యాను కట్టుకుని ఊళ్ళ మీద పడుతుంది. నాలుగు నెలలు తిరుగుతారు, ఆ తర్వాత ఎక్కడ ఉంటారో వాళ్ళకే తెలీదు. రెండు టిక్కెట్లు పంపించింది.

"రెండా?" అన్నాడాయన.

"రెండే. ఆట అయ్యాక స్టేజీ వెనక్కి రమ్మంది. ఇద్దర్నీ." ఆవిడ కంచం పక్కకి జరిపింది. "చూడండి, ఎనిమిది నెలలంటే ఇంకా పచ్చిగా ఉన్నట్టు. ఇంకో నాలుగు నెలలు పోతే గట్టిపడిపోతుంది. అప్పుడు మీరిద్దరూ మాట్లాడుకోవాలన్నా మాటలు దొరకవు. మీ పని సంగతి నాకు తెలుసు. ఈ ఒక్క ఆదివారానికి మాత్రం సాకు చెప్పకండి."

సరే అన్నాడు. ఈసారి ఆ సరేలో బరువు ఉంది.

కానీ ఆ వారం మామూలు వారం కాదు. తనిఖీల ఏడాది శనివారంతో ముగుస్తుంది. సోమవారం పొద్దున పెద్దాఫీసు వాళ్ళు జాబితా మూసేస్తారు. పైగా ఇంకో తనిఖీదారు కాలు విరిగి మంచాన పడ్డాడు. అతని వంతు భవనాలు కూడా మేస్త్రి నెత్తినే పడ్డాయి. ఆరు రోజులు, ఐదు ఊళ్ళు, పద్దెనిమిది లిఫ్టులు. మేనేజరు ఫోనులో ఎంతో గారంగా మాట్లాడాడు. గారంగా మాట్లాడాడంటేనే నడుం విరుగుతుందని గ్రీజు బాబాయ్ లెక్క.

సోమవారం తెల్లారకుండానే బస్సు. మొదటి ఊళ్ళో ఆసుపత్రి. నాలుగు లిఫ్టులు, ఒక్కటి కూడా పూర్తిగా ఆపడానికి వీల్లేదు. స్ట్రెచరు రాగానే గొయ్యిలోంచి పైకొచ్చి, అది వెళ్ళాక మళ్ళీ దిగాలి. సాయంత్రానికి మేస్త్రి మోకాళ్ళు పట్టేశాయి. మంగళవారం నూలు మిల్లు. సరుకుల లిఫ్టు తాళ్ళ నిండా దూది పేరుకుని, ముసలివాడి చెవుల్లో వెంట్రుకల్లా ఉంది. అదంతా దులిపేసరికి ఇద్దరూ పిండిబస్తాల్లోంచి లేచొచ్చినట్టు తయారయ్యారు. బుధవారం రెండు బస్సులు మారి ఇంకో ఊరు. లాడ్జి గదిలో ఒకే మంచం. గ్రీజు బాబాయ్ గురక పెడితే మేస్త్రి లేచి కూర్చుని, అది ముక్కులోంచి వస్తోందా గొంతులోంచి వస్తోందా అని వింటూ తెల్లవార్చాడు. పొద్దున్నే ఆ సంగతి చెబితే బాబాయ్ నొచ్చుకున్నాడు. "నన్ను కూడా తనిఖీ చేసేశావా? కార్డు నుదుటి మీద అతికించు మరి," అన్నాడు.

బస్సు కిటికీ పక్కన కూర్చున్నప్పుడల్లా ఆయన లోపల ఇంకో పని నడుస్తూ ఉండేది. ఆదివారం స్టేజీ వెనక పిల్ల ఎదురుగా నిలబడితే మొదటి మాట ఏమనాలి? బాగున్నావా అనొచ్చు. ఎనిమిది నెలల తర్వాత బాగున్నావా అంటే పక్కింటివాడి పలకరింపులా ఉంటుంది. తప్పు నీదే కానీ, అని మొదలుపెడితే అక్కడితోనే ఆగిపోతుంది. గురువారం నాటికి ఒక వాక్యం కుదిరింది. నువ్వు చేసింది తప్పు, నేను అన్నది ఎక్కువ. ఇంతే. దాన్ని నాలుక మీద అటూ ఇటూ దొర్లించి చూసుకున్నాడు. ఎక్కడా పట్టేయకుండా తిరుగుతోంది. శుక్రవారం ఒక అపార్టుమెంటు మిషన్ రూమ్‌లో, ఎవరూ లేరనుకుని పైకే అన్నాడు. వెనక నుంచి గ్రీజు బాబాయ్, "నేనేం తప్పు చేశాను?" అన్నాడు. ఆ వారంలో మేస్త్రి నవ్వింది అప్పుడొక్కసారే.

శనివారం మధ్యాహ్నం మూడు దాటాక సొంత ఊరు చేరారు. పదిహేడు అయ్యాయి. మిగిలింది ఒక్కటి. బజారు వెనక వీధిలో ఐదంతస్తుల పాత భవనం. గ్రీజు బాబాయ్ నడుం పట్టుకుని కుంటుతుంటే, మేస్త్రి ఆయన్ని బస్టాండులోనే ఇంటికి పంపేశాడు. ఒక్క లిఫ్టుకి ఇద్దరెందుకని.

ఆ భవనం ఆయనకి బాగా తెలుసు. జాలీ గేటు ఉన్న లిఫ్టు. పాత కాలపు మోటారు. ఆ రకం మోటార్లు ఊరంతా వెతికితే రెండో మూడో ఉంటాయి. ఇంకో సంగతి కూడా తెలుసు. దాని ఐదో అంతస్తులోనే కూతురి బృందం రిహార్సలు గది. ఎదురుపడితే ఏం చేయాలా అనుకుంటూనే వెళ్ళాడు. ఎదురుపడలేదు. గదికి తాళం వేసి ఉంది. బృందమంతా థియేటరు దగ్గర ఉన్నట్టుంది. పక్కనే ఉన్న మిషన్ రూమ్‌కి కూడా తాళమే. కాపలాదారుకి ఫోను చేస్తే, అల్లుడికి ఆపరేషనని పక్కూరు వచ్చానన్నాడు. తాళం చెవి తన జేబులోనే ఉందట.

"రేపు సాయంత్రం నాలుగింటికల్లా వచ్చేస్తాను మేస్త్రి గారూ. అప్పుడు తీరిగ్గా చూసుకుందురు గానీ," అన్నాడు.

నాలుగింటికి. వేరే ఏ గంటైనా ఫరవాలేదు.

మేస్త్రి ఐదో అంతస్తు వరండాలో కాసేపు నిలబడ్డాడు. చూడకుండా వదిలేస్తే సోమవారం జాబితాలో ఆ గడి ఖాళీగా ఉంటుంది. మేనేజరు గారం అంతటితో సరి. రేపు సాయంత్రం వచ్చి చూస్తే నాటకం పోతుంది, పిల్ల వెళ్ళిపోతుంది. పోయిన ఏడాది తనే చూశాడు, తాళ్ళు బాగానే ఉన్నాయి. లిఫ్టెక్కి ఒకసారి కిందికి, ఒకసారి పైకి తిరిగాడు. చప్పుడేమీ లేదు. లోపల నిలబడితే మిషన్ రూమ్ చప్పుడు వినపడదని ఆయనకి తెలీదా? తెలుసు. పైన గుమ్మం దగ్గర ఒకరు నిలబడి వినాలి, లోపల ఒకరు తిరగాలి. ఆ రెండో మనిషిని తనే ఇంటికి పంపాడు.

అద్దం తీసి, కొత్త కార్డు పెట్టి, సంతకం చేశాడు. చేతులు కడుక్కోవాల్సినంత మురికి కూడా అంటలేదు. మొత్తం పది నిమిషాల పని.

ఇంటికెళ్ళి పడుకుంటే, ఆరు రోజుల అలసటకి రాయిలా నిద్ర పట్టాలి. పట్టలేదు.

ఆదివారం ఇద్దరూ మంచి బట్టలు వేసుకుని ముప్పావు గంట ముందే థియేటరు చేరారు. చిన్న హాలు. రెండొందల కుర్చీలుంటాయేమో. శబ్దాల బల్ల హాలు చివర, బయటికెళ్ళే తలుపు పక్కనే ఉంది. దాని వెనక చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని కూతురు కూర్చుంది. తల్లి దగ్గరికెళ్ళి భుజం తట్టింది. మేస్త్రి రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. పిల్ల చిక్కింది. ఆయన వైపు చూసి, హెడ్‌ఫోను ఒక చెవి మీంచి జరిపి, తలాడించింది. నవ్వలేదు. కానీ ఆ జరపడం ఆయనకి అర్థమైంది. ఒక చెవి ఆయన కోసం తెరిచి పెట్టింది. ఆట కాగానే ఆ వాక్యం చెప్పేయాలి. అంతే. మూడో వరసలో చివరి రెండు కుర్చీల్లో కూర్చున్నారు.

నాటకంలో ఒకామె ఉంది. ముసలామె. ఐదో అంతస్తులో ఒక గది, ఒక కుర్చీ, ఒక తలుపు. ఎవరో వస్తామని ఉత్తరం రాశారు. ఎవరు రాశారో ఆమె చెప్పదు. కింద జాలీ గేటు మూసుకున్న చప్పుడు, మోటారు చప్పుడు, లిఫ్టు పైకొస్తున్న చప్పుడు. ఆమె లేచి, జుట్టు సర్దుకుని, తలుపు దగ్గర నిలబడుతుంది. లిఫ్టు రెండో అంతస్తులో ఆగిపోతుంది. ఆమె వెళ్ళి కూర్చుంటుంది. మళ్ళీ గేటు, మళ్ళీ మోటారు. మొదటి రెండుసార్లు జనం నవ్వారు. మూడోసారికి నవ్వలేదు. హాలంతా గోడల్లోంచి లిఫ్టు నడుస్తున్నట్టే ఉంది. ముందు వరసలో ఒకావిడ నిజంగానే తలెత్తి పైకి చూసింది.

మేస్త్రి కుర్చీలో ముందుకి వంగాడు. ఇది ఆ పాత భవనం లిఫ్టే. గేటు చప్పుడుతోనే పోల్చుకున్నాడు. ఐదో అంతస్తులో, మిషన్ రూమ్ గుమ్మం దగ్గర మైకు పెట్టి తీసింది. తను స్క్రూడ్రైవరుతో వినేదంతా ఈ పిల్ల రెండొందల మందికి ఒకేసారి వినిపిస్తోంది. భార్య వైపు వంగి, "మన పిల్ల," అన్నాడు. ఆవిడ నోటి మీద వేలు పెట్టుకుంది.

నాలుగోసారి లిఫ్టు రెండో అంతస్తు దాటి మూడోది చేరుతుండగా వినిపించింది. టిక్. టిక్‌టిక్.

పొరపాటున పడ్డ చప్పుడేమో అనుకున్నాడు. లిఫ్టు కిందికి దిగేటప్పుడు సరిగ్గా అక్కడే మళ్ళీ వచ్చింది. ఐదోసారి, ఆరోసారి. అదే చోట, అవే మూడు. ముసలామె తలుపు దగ్గర నిలబడి ఉంది. హాల్లో ఊపిరి చప్పుడు లేదు. మేస్త్రికి మాత్రం ముసలామె కనపడటం మానేసింది. ఉక్కు తాడులో తీగలు తెగి ముళ్ళలా పైకి లేస్తే, పైన చక్రం మీదుగా పోయేటప్పుడు అవి రేకుకి తగులుతాయి. ఒక్క తీగైతే ఇంత చప్పుడు రాదు. గుత్తిగా తెగాయి. ఈ రికార్డు ఎప్పుడు తీసిందో, ఆ తర్వాత ఇంకెన్ని తెగాయో. ఆట అవగానే బృందమంతా ఆ భవనానికే వెళ్ళి ఇనప ట్రంకులు కిందికి దింపుకుని వ్యానెక్కుతారని భార్య పొద్దున చెప్పింది.

లేవబోయాడు. భార్య మణికట్టు పట్టుకుంది.

"కూర్చోండి."

"ఆ లిఫ్టు ఆపాలి."

"నాటకంలో లిఫ్టునా?"

"నిజం లిఫ్టు. నిన్న సంతకం పెట్టింది."

"నిన్న చూశారుగా. ఇంకో గంట ఆగండి."

"చూడలేదు," అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పట్టు వదిలేసింది. వదిలేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ స్టేజీ వైపు తిరిగింది.

తలుపు దగ్గర నిలబడ్డ మనిషి చెవిలో చెప్పాడు: విరామం లేదు సార్, బయటికెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వం. మేస్త్రి తలూపాడు. పక్కనే, నాలుగడుగుల దూరంలో, బల్ల వెనక కూతురు. ఒక చెయ్యి శబ్దం తిప్పే గుండీ మీద ఉంది. ఒక చెవి ఇంకా తెరిచే ఉంది. ఆయన్ని చూసింది. ఆయన ఏమీ చెప్పడానికి లేదు, నాటకం నడుస్తోంది. చెయ్యి ఎత్తాడు. ఆ ఎత్తిన చేతికి అర్థమేమిటో ఆయనకే తెలీదు. పిల్ల మెల్లగా హెడ్‌ఫోను రెండో చెవి మీదకి లాక్కుంది.

బయటికొచ్చి కాపలాదారుకి మూడుసార్లు ఫోను చేశాడు. తీయలేదు. బస్సు కోసం ఆగకుండా, ఆ వయసులో, సగం దూరం పరుగెత్తాడు.

కాపలాదారు వచ్చేసి ఉన్నాడు. ఫోను పక్క గదిలో చార్జింగులో పెట్టాడట. నాలుగో అంతస్తులో ఆదివారం కుట్టు తరగతి వదిలే వేళ. లిఫ్టు ఖాళీగా కింద ఆగగానే మేస్త్రి కరెంటు తీసేసి, గేటుకి ఎర్ర బోర్డు తగిలించాడు. కుట్టు తరగతి ఆడవాళ్ళు మెట్లు దిగుతూ ఆయన్ని, ఆయన కంపెనీని నోరారా తిట్టుకున్నారు. ఆయన మెట్లెక్కి, మిషన్ రూమ్ తెరిచి, చేత్తో చక్రం తిప్పుకుంటూ ఆ చోటు పైకి తెచ్చాడు. నాలుగు తాళ్ళలో ఒకటి. జానెడు మేరలో పదకొండు తీగలు తెగి ఉన్నాయి. ఆరు తెగితేనే తాడు మార్చాలి. వేలు పెడితే గుచ్చుకున్నాయి.

మిగతా మూడు తాళ్ళూ మోస్తూనే ఉన్నాయి. గంట ఆగినా ఏమీ అయ్యేది కాదేమో. నెల ఆగినా కాదేమో. నిన్నటి దాకా ఆ ఏమో మీద ఇరవై ఏడేళ్ళలో ఆయన ఎవరినీ ఎక్కించలేదు. ఎవరూ పడలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆయన పని. దానికి చప్పట్లు కొట్టేవాళ్ళుండరు.

కాపలాదారు చేత లిఫ్టు రిజిస్టరు పుస్తకం తెప్పించుకుని రాశాడు. నిన్న మిషన్ రూమ్ తెరవలేదు. చూడకుండా కార్డు మీద సంతకం చేశాను. ఈరోజు చూసి లిఫ్టు ఆపాను. కాపలాదారు భుజం మీంచి చదివి కంగారుపడ్డాడు. మొదటి రెండు ముక్కలూ ఎందుకు మేస్త్రి గారూ, ఎవరడిగారు అన్నాడు. ఉద్యోగానికే ముప్పు కదా అన్నాడు. మేస్త్రి పుస్తకం మూసి ఇచ్చేశాడు.

ఆరున్నరకి బృందం వచ్చింది. ఎర్ర బోర్డు చూసి కింద ఒకటే గోల. ఎనిమిది ట్రంకులు, ఐదంతస్తులు. నాటకం బాగా ఆడిందన్న సంతోషం మొదటి మలుపు దగ్గరే ఆవిరైపోయింది. వాళ్ళ దర్శకురాలు, భారీ మనిషి, మూడో అంతస్తులోనే మెట్ల మీద కూలబడి, తన ట్రంకు పైనే ఉండనీ, ఊళ్ళు తిరిగొచ్చాక లిఫ్టు బాగయితే తీసుకుంటానంది. అందరికంటే ముందు పైకొచ్చింది కూతురు. వరండాలో గ్రీజు చేతులతో నిలబడ్డ తండ్రిని చూసి ఆగింది.

"చప్పుడు భరించలేక లేచి వెళ్ళిపోయాడు మీ నాన్న అన్నారు మా వాళ్ళు," అంది.

"కాదు."

"నచ్చకపోతే అయ్యాక నచ్చలేదని చెప్పాల్సింది. మధ్యలో లేవడం ఎందుకు?"

ఆయన వారమంతా నాలుక మీద తిప్పుకున్న వాక్యం ఎక్కడికి పోయిందో పోయింది. "రెండుకీ మూడుకీ మధ్య టిక్కు," అన్నాడు.

"అవును. దాని కోసమే ఐదు రాత్రులు రికార్డు చేశాను. ఎవరో తలుపు కొట్టబోయి ఆగిపోయినట్టు ఉంటుందని మా దర్శకురాలికి చాలా ఇష్టం."

"తాడు తెగుతోంది."

ఆ పిల్ల ఒకడుగు ముందుకేసింది. తెరిచి ఉన్న మిషన్ రూమ్‌లోకి తొంగి చూసింది. ఆయన పక్కకి జరిగి, వేలితో చూపించాడు.

"మూడు వారాలుగా అందరం ఇందులోనే ఎక్కాం," అంది చివరికి. "నువ్వు చూసే లిఫ్టే కదా, ఏమీ ఉండదులే అనుకున్నా. మరి నిన్న నీ కార్డు కొత్తది పెట్టి ఉంది. నిన్న ఇది లేదా?"

"ఉండే ఉంటుంది. నేను చూడలేదు. తాళం లేదు. ఈరోజు వస్తే తీస్తామన్నారు. ఈరోజు నీ నాటకం." ఆయన ఆగి, మళ్ళీ అన్నాడు. "చూడకుండా సంతకం పెట్టాను."

"నా కోసమా?"

"నేనే పెట్టాను. నీకేం సంబంధం లేదు."

"నాటకం కోసమేగా."

ఆయన మిషన్ రూమ్ తలుపు దగ్గరగా వేశాడు. కింది నుంచి ఎవరో ఆ పిల్లని పిలుస్తున్నారు. మెట్ల మీద ఇనుము రాసుకుంటున్న చప్పుడు పైకొస్తోంది.

"ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు నువ్వు," అంది. గొంతు పెంచలేదు. "అద్దె గదిలో జ్వరం వచ్చి పడుకుంటే అమ్మ ఒక్కతే వచ్చింది. నువ్వు వీధి చివర ఆగిపోయావని అమ్మ చెప్పలేదు, నేనే కిటికీలోంచి చూశాను."

"అవును."

"అవునంటే అయిపోతుందా నాన్నా?"

అయిపోదని ఆయనకీ తెలుసు. ఆ పిల్ల రిహార్సలు గదిలోకి వెళ్ళి, శబ్దాల సామానున్న ట్రంకుని గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది. ఒక వైపు చెవిలాంటి పిడిని తను పట్టుకుంది. ఆయన ఏమీ అడక్కుండా రెండో చెవి పట్టుకున్నాడు.

ఐదంతస్తులూ అలాగే దిగారు. ఆయన ముందు, వెనక్కి నడుస్తూ, పిల్ల వెనక. మెట్టు. మలుపు. ఆగు. ఇంకో మెట్టు. ఎనిమిది నెలల తర్వాత తండ్రీ కూతుళ్ళు నేరుగా చెప్పుకున్న మాటల్లో సగం పైగా ఇవే. రెండో అంతస్తు దగ్గర ఆయన మోకాలు మడత పడి ట్రంకు గోడకి తగిలింది. పిల్ల అవతలి బరువు కూడా తన వైపు లాక్కుని, ఆయన నిలదొక్కుకునేదాకా మోసింది. జాగ్రత్త అనలేదు.

కింద వ్యాను దగ్గర తల్లి నిలబడి ఉంది. బృందంతోపాటే వచ్చింది. ట్రంకు ఎక్కించాక మేస్త్రి మంచి పంచెకీ చొక్కాకీ తుడుచుకోలేక చేతులు దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు. ఏదో ఒకటి అడగాలి, వ్యాను కదిలేలోపల.

"ఆ ముసలామె ఇంటికి చివరికి ఎవరైనా వచ్చారా?"

కూతురు ఆయన్ని చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉన్నా బాగుండేది.

"కూర్చున్నవాళ్ళకి తెలుసు," అంది.

తల్లిని కావలించుకుంది. ఆయనకి వెళ్ళొస్తానని తలతో చెప్పి, వెనక సీటులో, సామాన్ల పక్కన ఎక్కింది. కిటికీ ఆ వైపు లేదు.

వ్యాను మలుపు తిరిగాక ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. ఆయన పుస్తకంలో రాసిన సంగతి, పిల్లకి చెప్పిన సంగతి, రేపు మేనేజరుకి చెప్పబోయే సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. సంతకం అధికారం తీసేస్తారు, ఉద్యోగం ఉంటుందో ఉండదో. అది కాదు ఆవిడకి పట్టింది.

"మేనేజరుకి చెప్పండి. లోకానికంతా చెప్పండి. పిల్లకెందుకు చెప్పారు? ఒంట్లో బాగోలేక లేచానంటే నమ్మేదిగా."

"అబద్ధం అవుతుంది."

"అవుతుంది. ఒక్క చిన్న అబద్ధం. ఇప్పుడు నాలుగు నెలలు ఊరూరా ఏం మోసుకు తిరుగుతుందో తెలుసా? నా వల్ల మా నాన్న దొంగ సంతకం పెట్టాడని."

ఆయన ఆగిపోయాడు. అలా ఆయనకి తట్టలేదు. నిజం చెబితే తన బరువు దిగుతుందనుకున్నాడు గానీ, దిగిన బరువు ఎవరి నెత్తికి ఎక్కుతుందో చూసుకోలేదు.

బస్సు కిక్కిరిసి వచ్చింది. ఎవరో దిగబోతూ ఒక సీటు ఖాళీ చేశారు. భార్య కూర్చుంది. ఆయన కమ్మీ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. నాటకం చివర ఏమైందో ఆవిడకి తెలుసు. అడిగితే చెప్పేదే. దిగాల్సిన స్టాపు వచ్చినా ఆయన అడగలేదు.